డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డకు నడక నేర్పేదెలా: బొంత మీద నుంచి బలపం దాకా

మా చిన్నది 29 నెలలకు నడిచింది. అంతకు ముందు ఏడాదిన్నర పాటు కిరాణా కొట్టు దగ్గర, పెళ్లిళ్లలో, దేవరకొండ బస్సులో నాకు ఎదురైన ప్రశ్న ఒక్కటే: "ఇంకా నడుస్తలేదా?" నేనూ అదే ప్రశ్న మోసుకొని ఫిజియోథెరపీ మేడం దగ్గరికి పోయేదాన్ని. ఆమె ఒకరోజు పాప కాళ్లు పట్టుకొని చూపించి అన్నది: "ఎప్పుడు నడుస్తదో తర్వాత చూద్దాం. ముందు ఈ పాదాలు ఎట్ల పెడుతుందో చూడమ్మా. నడక ఎట్లయినా వస్తది. పాదాలు బయటికి తిప్పి నిలబడే అలవాటు వచ్చిందంటే మాత్రం మాన్పించడం కష్టం."

ఇంట్లో బిడ్డతో ఏం చేయాలి, ఏం చేయొద్దు అని నన్ను అడిగే తల్లులకు ఆ మాట దగ్గరి నుంచే మొదలుపెడతాను. మీ బిడ్డ ఇప్పుడు నెలల పిల్ల అయితే పై నుంచి చదవండి. కూర్చుంటున్నదంటే సగం నుంచి చదివినా సరే.

అసలు ఆలస్యం ఎందుకు

మనిషి కణంలో 21వ నంబరు క్రోమోజోములు రెండు ఉండాలి. డౌన్ సిండ్రోమ్‌లో మూడు ఉంటాయి. ఈ సంగతిని 1959లో ఫ్రాన్స్‌లో జెరోమ్ లెజూన్, ఆయన తోటివాళ్లు బయటపెట్టారు. ఆ అదనపు క్రోమోజోము వల్ల బిడ్డ ఒంట్లో కదలికకు సంబంధించి నాలుగు తేడాలు ఉంటాయి. కండరాలు మెత్తగా, ఎత్తుకుంటే జారిపోయేటట్టు ఉంటాయి. కీళ్లను పట్టి ఉంచే నరాల్లాంటి బంధాలు వదులుగా ఉంటాయి. బలం తక్కువ. మొండెంతో పోలిస్తే చేతులు, కాళ్లు పొట్టి. ఈ నాలుగో దాన్ని ఎవరూ పట్టించుకోరు గానీ, కూర్చోబెట్టేటప్పుడు దాని సంగతి తెలుస్తుంది.

గ్రహణం నాడు తల్లి బయట తిరిగితే ఇట్ల అవుతుందని కొందరంటారు, అది నిజం కాదు. మా మునుగోడు, మర్రిగూడ వైపు చుట్టాలు ఇంకో మాట అన్నారు: "ఫ్లోరైడ్ నీళ్లు తాగినవ్ కదా, అందుకే కాళ్లు ఇట్ల." ఆ నీళ్లతో ఎముకలు వంగిన మనుషులను చూసి చూసి ఉన్నవాళ్లు కాబట్టి వాళ్లను తప్పు పట్టలేను. కానీ ఫ్లోరోసిస్ ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగితే పళ్లకు, ఎముకలకు వచ్చే జబ్బు. డౌన్ సిండ్రోమ్ కడుపులో పిండం ఏర్పడే నాటికే ఉన్న తేడా. తల్లి చేసిన పని ఏదీ దానికి కారణం కాదు. అత్తగారింట్లో ఈ ఒక్క ముక్క ఎవరైనా గట్టిగా చెబితే ఎంతోమంది ఆడవాళ్లకు సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇక లెక్కలు. మామూలు పిల్లలు ఏడాది అటూ ఇటూగా నడిస్తే, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు సగటున 2 ఏళ్లు దాటాక నడుస్తారు. 13 నెలలకే నడిచినవాళ్లున్నారు, 4 ఏళ్లకు నడిచినవాళ్లూ ఉన్నారు. తమంతట తాము కూర్చోవడం సగటున 11 నెలలకు, పాకడం సుమారు 17 నెలలకు వస్తాయి. అందుకని పక్కింటి పిల్లతో పోల్చొద్దు, డౌన్ సిండ్రోమ్ ఉన్న ఇంకో పిల్లతో కూడా పోల్చొద్దు. గుండెకు ఆపరేషన్ అయిన బిడ్డకు ఇంకొంత ఆలస్యం కావచ్చు.

మొదలుపెట్టే ముందు ఈ పరీక్షలు

ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. చూస్తే తెలియదు. కాబట్టి ఎకో, అంటే గుండె స్కాన్, తీయించకుండా ఏ వ్యాయామమూ వద్దు. పాలు తాగేటప్పుడు ఆయాసపడడం, నుదుట చెమట పట్టడం, పెదాలు నీలిరంగుకు తిరగడం కనిపిస్తే ఆ రోజే దవాఖానకు పోవాలి. థైరాయిడ్ పరీక్ష పుట్టినప్పుడు ఒకసారి, 6 నెలలకు, ఏడాదికి, ఆ తర్వాత ఏటా చేయించాలి. థైరాయిడ్ తక్కువైతే మెత్తటి ఒళ్లు ఇంకా మెత్తబడుతుంది, బిడ్డ మందకొడిగా ఉంటుంది, మీరు ఎంత కష్టపడినా ఫలితం కనబడదు. చెవి, కన్ను కూడా చూపించండి. గిలక్కాయ చప్పుడు వినపడని బిడ్డ దాని వైపు తల తిప్పదు కదా.

మెడ సంగతి వేరుగా చెప్పాలి. తల కింద ఉండే మొదటి రెండు వెన్నుపూసల మధ్య కీలు ఈ పిల్లల్లో కొందరికి వదులుగా ఉంటుంది. తలకిందులుగా వేలాడదీయడం, పైకి ఎగరేసి పట్టుకోవడం, మొగ్గలు వేయించడం, మెడ మీద చేయి వేసి వంచడం అసలు చేయొద్దు. బాగా నడిచే పిల్ల తూలడం మొదలుపెట్టినా, మెడ ఒకవైపు వంచి ఉంచినా, చేతుల పట్టు తగ్గినా, ఒంటికి రెంటికి కొత్తగా తెలియకుండా పోయినా వ్యాయామం అన్నీ ఆపి డాక్టరుకు చూపించండి.

ఇంకొకటి. నెలల పిల్ల ఉన్నట్టుండి ముందుకు వంగి చేతులు విదిలించడం, అలా వరసగా అయిదారు సార్లు, ముఖ్యంగా నిద్ర లేవగానే చేస్తుంటే అది ఉలికిపాటు అనుకోవద్దు. ఒక రకం ఫిట్స్ అలాగే వస్తాయి. ఫోన్లో వీడియో తీసి అదే రోజు పిల్లల డాక్టరుకు చూపించండి.

ఎక్కడికి పోవాలి? పిల్లల ఆరోగ్యం చూసే ప్రభుత్వ పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, 2013లో మొదలైంది. పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ల దాకా చూస్తారు, డౌన్ సిండ్రోమ్ ఆ జాబితాలో ఉంది. అంగన్‌వాడీకి వచ్చే ఆ వ్యాను డాక్టర్లను అడిగితే జిల్లా ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటరుకు రాసిస్తారు. అందరూ డీఈఐసీ అంటారు. కొంచెం పెద్దయ్యాక మండలంలో ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రం ఉంటుంది, అక్కడికి ఫిజియోథెరపిస్టు ఏ రోజు వస్తారో ముందే కనుక్కొని పోండి. పెద్ద పరీక్షలు, సలహాలకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల కోసం పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. 1984లో పెట్టిన ఈ సంస్థను పాత పేరుతో ఎన్ఐఎంహెచ్ అంటే ఆటోవాళ్లు ఇప్పటికీ గుర్తుపడతారు. వలస పోయే కుటుంబాలైతే, పాలమూరు నుంచి పుణెకో ముంబైకో పోయేవాళ్లు, పరీక్షల కాగితాలన్నీ ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకోండి. బాల స్వాస్థ్య కార్యక్రమం దేశమంతా ఉంది.

ఒక చోట మాకు "ఇట్లాంటి పిల్లలు ఇంతే, ఎందుకు తిరుగుతారు" అని చెప్పారు. మీకూ చెబుతారు. ఇంకో చోటికి పోండి.

మొదటి మెట్టు: మెడ

పడుకోబెట్టేది ఎప్పుడూ వెల్లకిలానే. బోర్లా వేసేది మెలకువగా ఉన్నప్పుడు, మీ కళ్ల ముందే, పాలు తాగి అరగంట గడిచాక. మొదట్లో 2 నిమిషాలకే ఏడుస్తుంది. సరే, ఎత్తుకోండి, మళ్లీ గంటకు వేయండి. రోజుకు ఒకసారి అరగంట కుస్తీ పట్టేకన్నా పది సార్లు రెండేసి నిమిషాలు మేలు.

నేల మీద ఇష్టపడకపోతే మీరు వెనక్కి ఒరిగి పడుకొని మీ ఛాతీ మీద బోర్లా వేసుకోండి. మీ ముఖం చూడడానికి తల ఎత్తుతుంది. లేదంటే పాత తువ్వాల చుట్టగా చుట్టి బిడ్డ చంకల కింద పెట్టండి, చేతులు ముందుకు వచ్చేటట్టు.

మన నాయనమ్మలు స్నానం పోసే పద్ధతి ఉంది చూడండి, కాళ్లు చాపుకొని బిడ్డను వాటి మీద బోర్లా వేసి పోయడం. అది అచ్చంగా మేడం చెప్పిన వ్యాయామమే. మా అత్తమ్మకు ఈ సంగతి చెప్పగానే అప్పటిదాకా ఫిజియోథెరపీ అంటే మొహం తిప్పుకున్న మనిషి, రోజూ తానే పోస్తానని కూర్చున్నది. కాకపోతే స్నానంలో మూడు పనులు మాన్పించాలి: కాళ్లు పట్టి తలకిందులు చేయడం, చేతులు కాళ్లు మెలితిప్పి లాగడం, తల గుండ్రంగా రావాలని మెడ మీద ఒత్తడం. వదులు కీళ్లున్న బిడ్డకు ఇవి ప్రమాదం. నూనె మర్దన చేయండి, బిడ్డకు హాయిగా ఉంటుంది. కాని మర్దనతో కండ గట్టిపడదు, తానే కదిలితే గట్టిపడుతుంది.

తొట్టెల గురించి నా మాట కొందరికి నచ్చదు. చీర తొట్టెల్లో బిడ్డ నడుము వంగి, అటూ ఇటూ తిరగలేక మూటలా ఉంటుంది. కాసేపు జో కొట్టడానికి సరే. మెలకువగా ఉన్నంతసేపు చోటు బొంత మీదే.

వెల్లకిలా పడుకున్నప్పుడు కాళ్లు గమనించండి. తొడలు రెండు పక్కలకూ పడిపోయి కప్పలా పరుచుకుంటాయి. మెత్తటి ఒంటికి అది సుఖం. అదే అలవాటైతే రేపు నిలబడేటప్పుడూ కాళ్లు ఎడంగా పెడుతుంది. రెండు తొడల బయటి పక్క చెరొక బట్ట చుట్ట పెట్టి మోకాళ్లు పైకప్పు వైపు చూసేటట్టు ఉంచండి. అయితే ఇది మెలకువలో, మీరు పక్కన ఉన్నప్పుడే. నిద్రలో బిడ్డ చుట్టూ బట్టలు ఉండకూడదు.

ఎత్తుకునే తీరు కూడా ఇందులోకే వస్తుంది. మనం పిల్లల్ని సంకన వేసుకుంటాం, కాళ్లు అటొకటి ఇటొకటి. పని చేసుకుంటూ తిరగడానికి మనకు వీలు. ఈ పిల్లలకు మాత్రం తొడలు మళ్లీ ఎడం అయ్యేది అక్కడే. బిడ్డ వీపు మీ ఛాతీకి ఆనేటట్టు, రెండు తొడలూ దగ్గరగా మీ చేతి మీద ఉండేటట్టు, లోకం వైపు చూసేటట్టు ఎత్తుకోండి. చేతులు పట్టి పైకి లాగొద్దు. భుజం కీలు వదులు, జారిపోతుంది.

బోర్లా పడడం

బొంత మీద పక్కకు పడుకోబెట్టి, వీపు వెనక ఒక మెత్త ఆనించి, ముందు ఒక స్టీలు గ్లాసు పెట్టండి. బొమ్మలకన్నా గ్లాసు, గరిట మెరుస్తాయి, చప్పుడు చేస్తాయి. చేయి చాపినప్పుడు తుంటి దగ్గర మీ వేళ్లతో కొద్దిగా తోడు ఇవ్వండి. పూర్తిగా మీరే తిప్పేస్తే బిడ్డ నేర్చుకునేది ఏమీ లేదు. ఒకవైపే తిరుగుతుంటే రెండో వైపు ఎక్కువ చేయించండి.

ఇక్కడ ఒక గుణం గమనిస్తారు. మీరు చెప్పిన పని చేయడానికి ఈ పిల్లలకు టైం పడుతుంది. గ్లాసు చూపించి మనసులో పది దాకా లెక్కపెట్టండి. మనం మూడు లెక్కపెట్టేలోగా "రాదులే" అని చేతికి ఇచ్చేస్తాం. నేను నెలల పాటు ఆ తప్పు చేశాను.

కూర్చోవడం: అందరూ తొందరపడేది ఇక్కడే

చుట్టూ దిండ్లు పెట్టి కూర్చోబెట్టి ఫొటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టాను, 8 నెలలప్పుడు. ఆ ఫొటో ఇప్పుడు చూస్తే కనబడుతుంది: నడుము వెనక్కి పడిపోయింది, వీపు విల్లులా వంగింది, కాళ్లు చెరోవైపు బారెడు ఎడం. పాప కూర్చోలేదు, దిండ్ల మధ్య ఇరుక్కున్నది.

సరైన పద్ధతి ఇది. మీరు కింద కూర్చొని, బిడ్డను మీ ముందు అటువైపు తిప్పి కూర్చోబెట్టండి. మొదట ఛాతీ దగ్గర పట్టుకోండి. వారాలు గడిచేకొద్దీ చేతులు నడుము దగ్గరికి, చివరికి తుంటి ఎముకల దగ్గరికి దింపండి. మీ చేయి ఎంత కింద ఉంటే పాపకు అంత ఎక్కువ పని. వీపు నిటారుగా ఉన్నంతసేపే ఉంచండి, వంగిపోతే ఆ పూటకు చాలు.

ఇప్పుడు ఆ పొట్టి చేతుల సంగతి. మామూలు పిల్లలు కూర్చోవడం నేర్చేటప్పుడు చేతులు నేల మీద ఆనించి నిలదొక్కుకుంటారు. మన పిల్లల చేతులు నేలకు అందాలంటే వీపు వంచాలి. వంచితే మళ్లీ అదే అలవాటు. దీనికి విరుగుడు ఇంట్లోనే ఉంటుంది: అన్నానికి కూర్చునే పీట. బిడ్డ ముందు పీట వేసి, దాని మీద చేతులు ఆనించండి. పీట మీద రెండు గరిటలు వేస్తే ఆనడం పోయి కొట్టడం మొదలవుతుంది. ఒక చేత్తో కొట్టి ఇంకో చేత్తో ఆనుకుంటే, ఇక నడుముకు బలం వస్తున్నట్టు.

కూర్చోబెడితే కూర్చోవడం వేరు, తానే లేచి కూర్చోవడం వేరు. బోర్లా పడుకున్న పిల్ల రెండు కాళ్లూ పూర్తిగా చెరోవైపు చాపి, చేతులతో నెట్టుకుంటూ వెనక్కి లేచి కూర్చుంటుంది. చూసినవాళ్లు "ఎంత మెత్తగా ఉన్నయో కాళ్లు" అని ముచ్చటపడతారు. ముచ్చటపడొద్దు. పక్కకు తిప్పి, ఒక మోచేయి మీద, తర్వాత అరచేయి మీద బరువు వేయించి, తుంటిని మీ చేత్తో కిందికి అదిమి పక్క నుంచి లేపండి. రోజూ నిద్ర లేచిన ప్రతిసారీ ఇలాగే లేపితే వేరే టైం కేటాయించాల్సిన పని లేదు.

పాకడం

పాకకుండా నేరుగా నడిచే పిల్లలు లేరా అంటే ఉన్నారు. కూర్చొని పిర్రలతో జరిగే పిల్లలూ ఉన్నారు. అయినా నేను పాకించమనే చెబుతాను. భుజాలకు, అరచేతులకు, పొట్టకు అంత పని వేరే దేనిలోనూ దొరకదు. రేపు బలపం పట్టాలన్నా భుజం గట్టిగా ఉండాలి.

మీ కాలు చాపి, బిడ్డ పొట్ట మీ తొడ మీద ఉండేటట్టు, చేతులు ఒకవైపు, మోకాళ్లు ఒకవైపు నేలకు ఆనేటట్టు వేయండి. అలా నాలుగు కాళ్ల మీద ఉండడం అలవాటు చేయండి. మోకాళ్లు పక్కలకు జారుతుంటే మీ రెండు కాళ్ల మధ్య పట్టి ఉంచండి. టైల్సు మీద మోకాళ్లు జారిపోతాయి. బొంత, చాప, గచ్చు నేల మేలు. ప్యాంటు మోకాళ్ల పైకి మడవండి, చర్మం నేలను పట్టుకుంటుంది. పాకడం వచ్చాక గడప మంచి మాస్టారు. ఈ గదిలో బిడ్డ, ఆ గదిలో మీరు. దాటి రావాలి. తర్వాత మెత్తలు, ఆ తర్వాత పడుకున్న నాన్న.

నిలబడడం

ఇక్కడ చేసే వ్యాయామాల్లో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఇది: కూర్చొని లేవడం.

చిన్న స్టూలో, రెండు ఇటుకల మీద మడిచిన గోనెసంచో కావాలి. బిడ్డ దాని మీద కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, మోకాలు సరిగ్గా మూలమట్టం వంగాలి. ముందు నులక మంచం గానీ ఆ ఎత్తు బల్ల గానీ ఉండాలి. దాని మీద బిడ్డకు ఇష్టమైనది పెట్టండి. మా పాపకు బత్తాయి. తొనలు ఒలిచి, గింజ, పొర తీసి అటువైపు పెట్టేదాన్ని. లేవాలంటే ముందుకు వంగి, పాదాల మీద బరువు వేసి, మోకాళ్లు చాపాలి. తిని మళ్లీ కూర్చోవాలి. మీరు మోకాళ్లు చేత్తో దగ్గరగా పట్టుకోండి, కాలి వేళ్లు ముందుకు చూసేటట్టు సరిచేయండి. ఒక బత్తాయికి పది సార్లు లేచి కూర్చుంటుంది. లేవడం కన్నా నెమ్మదిగా కూర్చోవడం కష్టం, లాభమూ అందులోనే ఎక్కువ, కాబట్టి దబ్బున పడనివ్వకండి.

నిలబడ్డాక మోకాలు వెనక నుంచి చూడండి. వెనక్కి విరిచి లాక్ చేసి నిలబడుతుంటే కండరం పని చేయడం లేదు, కీలు మీద బరువు వేలాడుతున్నదని లెక్క. మోకాలు వెనక మీ వేలితో మెల్లగా ముందుకు తట్టండి. పాదం లోపలి అంచు నేలకు కూలిపోయి, మడమ బయటికి వాలితే ఫిజియోథెరపిస్టుకు చూపించండి. బూటులో పెట్టే ఆధారం కావాలో వద్దో వాళ్లే చెబుతారు. షాపులో కొనేది కాదు.

చక్రాల వాకరు వద్దు, గుండ్రంగా మధ్యలో గుడ్డ సీటు ఉండేది. మేమూ కొన్నాం, అబద్ధం ఎందుకు. దాంట్లో పిల్ల వేళ్ల మీద నెట్టుకుంటుంది, బరువు సీటు మోస్తుంది, మెట్ల మీద నుంచి పడితే తల పగులుతుంది. కెనడాలో 2004 నుంచి వాటి అమ్మకమే నిషేధం. మన పాత మూడు చక్రాల చెక్క బండి మాత్రం మంచిది, దాంట్లో పిల్ల తన బరువు తానే మోస్తుంది. ముందు భాగంలో ఒక ఇటుక కడితే బండి పరుగెత్తకుండా నెమ్మదిగా పోతుంది. పట్టుకొని నిలబడడం గట్టిగా వచ్చాకే ఇవ్వండి.

నడక

మంచం పట్టుకొని పక్కకు అడుగులు వేయడం ముందు వస్తుంది. మంచం ఈ చివర పిల్ల, ఆ చివర బత్తాయి. అది వచ్చాక మంచానికీ కుర్చీకీ మధ్య ఒక అడుగు సందు వదలండి. వారానికి జానెడు చొప్పున పెంచండి.

చేయి పట్టి నడిపించేటప్పుడు పిల్ల చేతులు భుజం ఎత్తుకు మించకూడదు. మనం నిలబడి రెండు చేతులూ పైకి లాగి నడిపిస్తే బిడ్డ మన చేతులకు వేలాడుతుంది. నడుము నొచ్చినా మీరే వంగాలి. లేదంటే చిన్న కర్ర అడ్డంగా ఇచ్చి చెరో చివర పట్టుకోండి. ఇంట్లో చెప్పులు లేకుండా నడిపించండి. బయటికి మెత్తటి అడుగు ఉన్న బూటు, వంచితే వేళ్ల దగ్గర వంగాలి.

2001లో అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీలో డేల్ ఉల్రిచ్ బృందం డౌన్ సిండ్రోమ్ ఉన్న 30 మంది పసిపిల్లల మీద చేసిన అధ్యయనం ఫలితాలు వెలువరించింది. అందరికీ ఫిజియోథెరపీ ఉంది. కొందరిని అదనంగా చిన్న ట్రెడ్‌మిల్ మీద తల్లిదండ్రులు పట్టుకొని రోజుకు 8 నిమిషాలు, వారానికి 5 రోజులు అడుగులు వేయించారు. ఆ పిల్లలు మిగతావాళ్లకన్నా సుమారు 100 రోజుల ముందు నడిచారు. ఇది చదివి ట్రెడ్‌మిల్ కొనేద్దామని మా ఆయన లెక్కలు వేశాడు. వద్దన్నాను. అందులో నాకు అర్థమైంది ఏమిటంటే, రోజూ తప్పకుండా, కొద్దిసేపు, అవే అడుగులు మళ్లీ మళ్లీ. ఆ 8 నిమిషాలు మనకు అరుగు నుంచి వేపచెట్టు దాకా పోయి రావడానికి సరిపోతాయి.

నడక వచ్చాక ఎత్తుపల్లాలు చూపించండి. ఇసుక కుప్ప, చెల్క దారి, పొలం గట్టు, గుడి మెట్లు. బడి పిల్లలతో గెంతే జంపింగ్ వలలు (ట్రాంపొలిన్లు) మాత్రం 6 ఏళ్ల లోపు వద్దు, మెడ కారణంగానే.

చేతులు

నడకకు ఉన్నంత పట్టింపు చేతి పనికి ఉండదు మన ఇళ్లలో. పిల్ల 5 ఏళ్లకు కూడా అమ్మే ముద్దలు పెడుతుంది. ఈ పిల్లల చేతులు చిన్నవి, వేళ్లు పొట్టి, బొటనవేలు కొంచెం కిందికి ఉంటుంది, మణికట్టు మెత్తన. పిడికిలితో పట్టుకోవడం తొందరగా వస్తుంది, బొటనవేలు చూపుడువేలు కలిపి తీయడం ఆలస్యం.

దానికి చేయించే పనులన్నీ వంటింట్లో ఉన్నాయి. చపాతీ పిండి ముద్ద నొక్కడం, చీల్చడం. జొన్నపిండి ముద్ద విరిగిపోతుంది, సాగదు, మొదట్లో వద్దు. బట్టల క్లిప్పులు చాట అంచుకు పెట్టి పీకించండి, ఇవే వేళ్లు పని చేస్తాయి. డబ్బా మూతకు గీత కోసి క్యారమ్ బిళ్లలు అందులో వేయించండి, గల్లగురిగిలో పైసలు వేసినట్టు. తినడానికి మురమురాలు ఒక్కొక్కటి పళ్లెంలో వేస్తే ఒక్కొక్కటే తీసుకుంటుంది. పల్లీలు, శనగలు 4, 5 ఏళ్లు దాటేదాకా నోటికి అందకూడదు. ఈ పిల్లలకు నమలడం ఆలస్యంగా వస్తుంది, గొంతుకు అడ్డం పడితే ప్రాణం మీదికి వస్తుంది. పల్లికాయ చిట్లించడం వేళ్లకు ఎంత మంచిదైనా, పెద్దయ్యాకే.

బతుకమ్మ నెలలో అయితే వేరే బొమ్మలే అక్కర్లేదు. బంతిపూల రెక్కలు తుంచడం, తంగేడు పూలు కొమ్మ నుంచి కోయడం, గునుగు కాడలు కట్టగా పట్టుకోవడం, పళ్లెంలో ఒక్కొక్కటి నిలబెట్టడం. మా పాప మొదటి ఏడు పూలన్నీ పీకి పారేసింది. మూడో ఏడు అడుగు వరస తానే పేర్చింది, వంకరగా. మా అత్తమ్మ సరిచేయబోతే నేను పట్టుకున్నాను.

చెంచా కాడ సన్నగా ఉంటే గుడ్డ చుట్టి లావు చేయండి. గ్లాసు సగం కన్నా తక్కువ నీళ్లతో ఇవ్వండి, ఒలికినా బట్ట తడుస్తుంది అంతే. గుండీలు మీ చొక్కా మీద నేర్పండి, తన చొక్కా మీద అయితే తల వంచుకొని చూడలేదు. పని మొత్తం ఒకేసారి నేర్పొద్దు. గుండీ సగం మీరు దూర్చి, బయటికి లాగడం తనకు వదలండి. అది వచ్చాక దూర్చడం.

రాత దగ్గరికి వచ్చేసరికి అందరూ పొడుగు బలపం, లావు పెన్సిలు ఇస్తారు. పొడుగుది ఇస్తే పిల్ల పిడికిలితో పట్టేస్తుంది. బలపాన్ని విరిచి గోరంత ముక్క ఇవ్వండి. అంత చిన్న ముక్క పిడికిలిలో ఇమడదు, మూడు వేళ్లతో పట్టక తప్పదు. పలకను ఒడిలో కాకుండా గోడకు ఆనించి నిలబెట్టండి, మణికట్టు దానంతట అదే సరిగ్గా వంగుతుంది. మొదట నిలువు గీతలు, తర్వాత అడ్డం, ఆ తర్వాత సున్నాలు. ముక్క చిన్నది కాబట్టి పక్కనే కూర్చోండి. బలపం తినే అలవాటున్న పిల్ల అయితే, మా దానిలాగా, పలక ముందుకు పిలిచే ముందే తినడానికి ఏదో ఒకటి పెట్టి కూర్చోబెట్టండి.